పాత సైనిక ఉక్కు మ్యాగజైన్లు: ఏ దేశానివో చూడాలా, ఎలా ఉన్నాయో చూడాలా?

క్లుప్తంగా: సైన్యాల గోదాముల నుంచి బయటికొచ్చిన ఉక్కు రైఫిల్ మ్యాగజైన్లలో (రైఫిల్‌కి తగిలించే తూటాల డబ్బాల్లో) ఏ దేశానివి మంచివన్న వాదన ఏళ్ల తరబడి నడుస్తోంది. దేశం పేరు చెప్పేది ఎక్కువగా డిజైన్ గురించి, పూత గురించి. చేతిలో ఉన్న మ్యాగజైన్ సరిగా పనిచేస్తుందా లేదా అన్నది మాత్రం దాని పై అంచులు, స్ప్రింగు, కొక్కేలు, లోపలి తుప్పు తేలుస్తాయి. బజారులో ధర చూసి నాణ్యత అంచనా వేయడం చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది.

మిగులు సరుకు ఎక్కడి నుంచి వచ్చింది

మ్యాగజైన్ అనగానే చాలామందికి ముందు గుర్తొచ్చేది వారపత్రిక. తూటాల డబ్బాకి, పత్రికకి ఒకే పేరు రావడానికి కారణం ఉంది. గోదాం అనే అర్థమున్న అరబిక్ మాట నుంచి రెండూ పుట్టాయి. ఇక్కడ విషయం తూటాల గోదాం గురించి.

1991లో సోవియట్ నాయకత్వంలోని సైనిక కూటమి వార్సా ఒప్పందం రద్దయ్యాక తూర్పు యూరప్ సైన్యాలు బాగా చిక్కిపోయాయి. పెద్ద యుద్ధం వస్తుందని దశాబ్దాలుగా పోగేసి పెట్టిన సామగ్రికి పని లేకుండా పోయింది. 1999లో పోలండ్, హంగరీ నాటోలో చేరాయి. పోలండ్ సైన్యం 7.62 మి.మీ. కలాష్నికోవ్‌లను (ఏకే-47 తరహా రైఫిళ్లను) పక్కనపెట్టి 5.56 మి.మీ. తూటాకి మారింది. ఇలా వదిలించుకున్న మ్యాగజైన్లకు అతి పెద్ద గిరాకీ అమెరికా పౌర మార్కెట్‌లో దొరికింది.

ఆ మార్కెట్ నడకని నాణ్యత కంటే చట్టాలే ఎక్కువగా మార్చాయి. 1994 సెప్టెంబర్ 13న అమల్లోకి వచ్చిన ఫెడరల్ చట్టం పది తూటాలకు మించి పట్టే కొత్త మ్యాగజైన్లు పౌరులకు అమ్మకుండా ఆపింది. అంతకుముందు తయారైనవి అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. దాంతో పాత తేదీకే విలువొచ్చింది. సొట్టలు పడ్డవీ, తుప్పు పట్టినవీ కూడా మంచి ధర పలికాయి. 2004లో ఆ చట్టం గడువు తీరింది. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లో పది తూటాల పరిమితి విడిగా ఉంది.

అదే 1994లో చైనా తుపాకులు, మందుగుండు సామగ్రి దిగుమతిని అమెరికా ప్రభుత్వం ఆపేసింది. చైనా ఉక్కు మ్యాగజైన్లకు ఇప్పటికీ ఉన్న పేరులో కొంత వాటి పనితనానిదైతే, కొంత ఈ కొరతది. కొత్త సరుకు రాదని తెలిశాక పాత సరుకుకి పేరు దానంతటదే పెరుగుతుంది.

ఇంకో చిక్కు ‘మిగులు’ అనే మాటలోనే ఉంది. ఒక్కసారి కూడా వాడకుండా గ్రీజులో ముంచి పెట్టెల్లో దాచినవి ఒక రకం. పాతికేళ్లు శిక్షణ శిబిరాల్లో నేలకేసి కొట్టుకున్నవి ఇంకో రకం. పనికిరావని పక్కనపెట్టిన భాగాల్ని తర్వాత ఎవరో జతచేసి అమ్మినవి మూడో రకం. బజారులో ఈ మూడింటికీ ఒకే పేరు. ఒకాయన రొమేనియా మ్యాగజైన్ అద్భుతమని, ఇంకొకాయన అదే చెత్త అని వాదించుకుంటుంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ఇద్దరి చేతుల్లో ఉన్నవి వేరువేరు రకాలు, అంతే.

రేకు డబ్బా చేసే పని

చూడ్డానికి ఇది స్ప్రింగు పెట్టిన రేకు డబ్బా. పని మాత్రం అంత తేలిక కాదు. కలాష్నికోవ్ తరహా రైఫిల్ ఆటోమేటిక్‌గా పేలినప్పుడు వేగం నిమిషానికి సుమారు 600 తూటాలు, అంటే సెకనుకి పది. తూటాని గొట్టంలోకి నెట్టే బోల్టు వెనక్కి వెళ్లి తిరిగి ముందుకొచ్చే ఆ పదో వంతు సెకనులో కూడా కొంత భాగమే మ్యాగజైన్‌కి దొరుకుతుంది. ఆలోగా స్ప్రింగు మొత్తం తూటాల దొంతరని ఒక మెట్టు పైకి నెట్టి, పై తూటాని సరైన కోణంలో నిలబెట్టాలి. కలాష్నికోవ్‌లో వాడే 7.62×39 తూటా బరువు 16 గ్రాముల పైచిలుకు. నిండు మ్యాగజైన్‌లో దొంతర అరకిలోకి దగ్గరగా ఉంటుంది. ఆఖరి రెండు మూడు తూటాల దగ్గర పరిస్థితి తిరగబడుతుంది. బరువు దాదాపు ఉండదు, కానీ స్ప్రింగు కూడా సాగిపోయి బలం తగ్గి ఉంటుంది. మొదటి తూటాకీ చివరి తూటాకీ ఒకేలా పనిచేయడమే మంచి మ్యాగజైన్ లక్షణం.

ఉక్కు మ్యాగజైన్లు చాలావరకు ఒకే పద్ధతిలో తయారవుతాయి. పల్చటి రేకుని అచ్చులో నొక్కి రెండు సగాలు చేసి, ముందూ వెనకా స్పాట్ వెల్డింగ్‌తో అతుకుతారు. లోపల స్ప్రింగు, దాని మీద తూటాల్ని మోసే ఫాలోవర్, అడుగున జారుడు మూత. రైఫిల్‌కి తగులుకోవడానికి బయట కొక్కేలు. వీటిలో ఏ ఒక్కటి కొలత తప్పినా ‘రైఫిల్ ఇరుక్కుంది’ అనే మాటే వినిపిస్తుంది. నింద మాత్రం చాలాసార్లు రైఫిల్ మీదికి పోతుంది.

పై అంచులే ప్రాణం

తూటా జారిపోకుండా పట్టుకునే పై అంచుల్ని ఫీడ్ లిప్స్ అంటారు. పెదాలన్న మాట వాటికి సరిగ్గా కుదురుతుంది. ఇవి కొద్దిగా విచ్చుకుంటే తూటా ఎత్తుగా నిలబడుతుంది, బోల్టు నెట్టగానే ముందుగానే వదిలేస్తుంది, ఒక్కోసారి రెండు తూటాలు కలిసి బయటపడతాయి. లోపలికి వంగితే తూటా కిందనే ఉండిపోతుంది, బోల్టు దాని మీదుగా దాటిపోతుంది. రెండు సందర్భాల్లోనూ తేడా కంటికి సరిగా ఆనదు. మిల్లీమీటరులో కొంత భాగం చాలు.

ఉక్కుకి ఇక్కడ ఒక పెద్ద మేలుంది. నిండా తూటాలతో ఏళ్ల తరబడి పడి ఉన్నా మామూలు ఉష్ణోగ్రతలో ఉక్కు పెదాలు మెల్లగా సాగిపోవు. కొన్ని ప్లాస్టిక్‌లు అలాంటి నిరంతర ఒత్తిడికి క్రమంగా రూపు మారతాయి. ఉక్కు బలహీనత వేరే చోట ఉంది. గట్టి దెబ్బకి ప్లాస్టిక్ వంగి మళ్లీ యథాస్థితికొస్తుంది, లేదా పగిలి లోపం బయటపెట్టుకుంటుంది. ఉక్కు సొట్టపడి అలాగే ఉండిపోతుంది. పగలదు కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది. పాత సైనిక సరుకులో ఎక్కువ మోసం ఇక్కడే జరుగుతుంది, అమ్మేవాడు మోసగాడు కాకపోయినా సరే.

పెదాల ఆకారం కూడా ముఖ్యమే. కలాష్నికోవ్ మ్యాగజైన్ పైభాగంలో తూటాలు కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి వంతులవారీగా బయటికొస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ స్టెన్ సబ్‌మెషిన్ గన్‌లో అలా కాదు. రెండు వరసల తూటాలు పైకొచ్చేసరికి ఒకే వరసలోకి ఇరుకుగా కలవాలి. ఆ ఇరుకులో కొంచెం మురికి చేరినా, పెదం కొంచెం వంగినా పని ఆగిపోయేది. అందుకే సైనికులు 32 తూటాలు పట్టే డబ్బాలో రెండు మూడు తక్కువే నింపేవారు. ఇనుము మంచిదైనా ఆకారం సహకరించకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కలాష్నికోవ్ కుటుంబంలో తేడాలు

సైనిక మిగులు ఉక్కు మ్యాగజైన్ అంటే అత్యధికులకి కలాష్నికోవ్‌దే. 7.62×39 తూటా గొట్టం అడుగున లావుగా, పైకి పోయేకొద్దీ సన్నంగా ఉంటుంది. అడుగున వ్యాసం 11.35 మి.మీ., భుజం (పైన మెడలోకి సన్నబడే చోటు) దగ్గర పది మి.మీ. పైచిలుకు. అలాంటివి ఒకదాని మీద ఒకటి పేరిస్తే దొంతర తనంతట తానే వంపు తిరుగుతుంది. అరటిపండు ఆకారం అందం కోసం పెట్టింది కాదు. వంపు పై నుంచి కింద దాకా ఒకేలా సాగుతుంది కాబట్టి ఫాలోవర్ ఎక్కడా తడబడదు.

మొదటి సోవియట్ మ్యాగజైన్ ఒక మి.మీ. మందం రేకుతో, పక్కలు నున్నగా ఉండేది. ఖాళీ బరువు 0.43 కిలోలు. తర్వాత రేకు పల్చన చేసి, ఆ లోటు తీర్చడానికి పక్కల మీద పొడుగాటి గట్లు నొక్కారు. బరువు 0.33 కిలోలకి దిగింది. నున్నటి రేకు సులువుగా లోపలికి నొక్కుకుపోతుంది. అదే రేకు మడతలు పడితే గట్టిపడుతుంది. అల్యూమినియంతో 0.19 కిలోలకి తగ్గించిన మ్యాగజైన్ కూడా వచ్చింది గానీ లోహం మరీ మెత్తనైపోయి త్వరగానే ఉపసంహరించారు. ఆ తర్వాతది తుప్పు రంగు ప్లాస్టిక్ మ్యాగజైన్. అందరూ బేకలైట్ అంటారు, నిజానికది గాజు పీచు కలిపిన వేరే మిశ్రమం. దాంట్లోనూ బలం కావాల్సిన చోట ఉక్కు ముక్కలు పెట్టారు. ఆ చోట్లు పెదాలూ కొక్కేలూ కావడం ఆశ్చర్యమేమీ కాదు.

గట్లున్న ఉక్కు నమూనా తర్వాత పోలండ్, హంగరీ, రొమేనియా, బల్గేరియా, యుగోస్లావియా, చైనాల్లో తయారైంది. అన్నిటికీ మూలం ఒకటే, కాబట్టి మంచి స్థితిలో ఉన్నప్పుడు పనితనంలో తేడా అనుకున్నంత ఉండదు. కనిపించే తేడాలు కొన్ని ఉన్నాయి. చైనా మ్యాగజైన్లకు వీపు నున్నగా ఉంటుంది. యూరప్ వాటికి వీపు వెంట నిలువు గట్టు కనిపిస్తుంది. హంగరీ తన పొట్టి రైఫిల్ ఏఎమ్‌డీ-65 కోసం 20 తూటాల చిన్న మ్యాగజైన్ చేసింది. వాహనాల్లోంచి వాడేవారికి అనువైనదని దానికి ‘ట్యాంకర్’ అన్న వాడుక పేరు పడింది.

అందరిలో విడిగా నిలిచేది యుగోస్లావియాది. జస్తావా ఎమ్-70 మ్యాగజైన్‌లో ఫాలోవర్ వెనక అంచు నిటారుగా ఉంటుంది. ఆఖరి తూటా అయిపోగానే బోల్టు దానికి తగిలి వెనకే ఆగిపోతుంది. తూటాలు అయిపోయాయని కాల్చేవాడికి వెంటనే తెలుస్తుంది. లాభం అంతవరకే. మ్యాగజైన్ తీయగానే బోల్టు మళ్లీ మూసుకుపోతుంది, కాబట్టి కొత్తది పెట్టాక ఎప్పట్లాగే వెనక్కి లాగాల్సిందే. పైగా ఖాళీ అయిన ప్రతిసారీ బోల్టు దెబ్బ ఫాలోవర్ మీద పడుతుంది, తీసేటప్పుడు బోల్టు ఒత్తిడి వల్ల కాస్త బిగుసుకుంటుంది. దీన్ని కొందరు నాణ్యత అంటారు, కొందరు లోపం అంటారు. ఇది రెండూ కాదు, ఒక డిజైన్ ఎంపిక.

ముద్రల సంగతి కూడా ఇక్కడే. త్రికోణంలో బాణం ఉంటే రష్యాలోని ఇజెవ్‌స్క్, నక్షత్రం ఉంటే అక్కడిదే తూలా, వలయంలో 11 ఉంటే పోలండ్‌లోని రాదోమ్, వలయంలో 10 ఉంటే బల్గేరియా. సేకరించేవారికి ఇవి చాలా విలువైనవి. కాల్చేవారికి ఇవి చెప్పేది పుట్టిన ఊరు మాత్రమే. ఆ తర్వాత నలభై ఏళ్లు అది ఎక్కడెక్కడ తిరిగిందో ముద్ర చెప్పదు.

కలాష్నికోవ్ కాని రైఫిళ్లలో

ఎఫ్ఎన్ ఫాల్ రైఫిల్‌తో వచ్చే గొడవ నాణ్యతది కాదు, కొలమానానిది. బెల్జియం మూలం నుంచి వచ్చిన మెట్రిక్ మ్యాగజైన్‌కి ముందువైపు రేకులోనే నొక్కి చేసిన చిన్న పట్టు ఉంటుంది. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా వాడిన ఇంచ్ రకానికి అక్కడ విడిగా అతికించిన పెద్ద కొక్కెం ఉంటుంది. మెట్రిక్ మ్యాగజైన్ ఇంచ్ రైఫిల్‌లో చాలాసార్లు పడుతుంది, కాస్త వదులుగా. ఇంచ్ మ్యాగజైన్ మెట్రిక్ రైఫిల్‌లో పట్టదు. ఈ తేడా తెలియక ‘పనికిరాని సరుకు’ అనిపించుకున్న మంచి మ్యాగజైన్లకు లెక్కలేదు.

జర్మన్ జీ-3కి ఉక్కు మ్యాగజైన్ ముందొచ్చింది, అల్యూమినియంది తర్వాత. అల్యూమినియంది చాలా తేలిక, ఉక్కుది దెబ్బలకి ఎక్కువ తట్టుకుంటుంది. రెండూ విపరీతంగా తయారయ్యాయి కాబట్టి మిగులు బజారులో చవకగా దొరికాయి. చవక అంటే నాసిరకం అనుకోవడం ఎంత పొరపాటో జీ-3 మ్యాగజైన్లు బాగా చూపిస్తాయి.

అమెరికన్ ఎమ్-14, అంతకుముందటి ఎమ్-1 కార్బైన్ విషయంలో అసలు విభజన దేశాల మధ్య కాదు, సైనిక సరుకుకీ బజారు నకళ్లకీ మధ్య. కార్బైన్లు రెండో ప్రపంచ యుద్ధకాలంలో అరవై లక్షలకు పైగా తయారయ్యాయి. పదిమంది ప్రధాన తయారీదారుల కింద ఎందరో ఉప కాంట్రాక్టర్లు పనిచేసినా మ్యాగజైన్లన్నీ ఒకే డ్రాయింగుకి, ఒకే తనిఖీకి లోబడ్డాయి. యుద్ధం తర్వాత పౌర మార్కెట్ కోసం వచ్చిన నకళ్లలో ఆ తనిఖీ లేదు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, పెదాల గట్టితనంలో, స్ప్రింగులో తేడా బయటపడుతుంది. ఎమ్-14 యంత్రాలు తర్వాత తైవాన్‌కి వెళ్లాయి, అక్కడ టైప్ 57 పేరుతో అదే రైఫిల్ తయారైంది. ఆ మ్యాగజైన్లని అమెరికన్ వాటి పక్కన పెట్టి చూసేవారు ఉన్నారంటే కారణం అదే.

5.56 మి.మీ. ఎమ్-16 తరహా మ్యాగజైన్లు ఇంకో పాఠం. ఆ రైఫిల్‌ని 20 తూటాల తిన్నని మ్యాగజైన్ కోసం గీశారు. తర్వాత 30 తూటాలు కావాల్సి వచ్చేసరికి, రైఫిల్ లోపలికి పోయే పైభాగం తిన్నగా, కింది భాగం వంపుగా చేయక తప్పలేదు. తిన్నని చోటు నుంచి వంపులోకి మారే దగ్గర ఫాలోవర్ ఒరిగిపోవడం దీని పాత జబ్బు. బ్రిటిష్ ఎల్85ఏ2 రైఫిల్ కోసం జర్మన్ కంపెనీ హెక్లర్ అండ్ కోహ్ గట్టి ఉక్కు మ్యాగజైన్ చేసింది. ఖాళీదే దాదాపు 250 గ్రాములు, అల్యూమినియం దానికి రెట్టింపు పైన. గట్టిదనం వచ్చింది, బరువూ వచ్చింది, తుప్పు బెడదా వచ్చింది. రైఫిల్‌లో మ్యాగజైన్ దూరే గుంత ఆకారం మాత్రం అదే. కలాష్నికోవ్ ఉక్కుని, ఎమ్-16 ఉక్కుని పోల్చి ‘ఉక్కు ఇలా ఉంటుంది’ అని తీర్పు చెప్పేవారు లోహాన్ని కాదు, రెండు వేరు జ్యామితుల్ని పోలుస్తున్నారు.

పూత, గ్రీజు, తుప్పు

పూతలు మూడు రకాలు. బ్లూయింగ్ చాలా పల్చని పొర, చూడ్డానికి బాగుంటుంది, చెమటకి త్వరగా ఓడిపోతుంది. ఫాస్ఫేట్ పూత గరుకుగా ఉంటుంది, నూనెని పీల్చుకుని పట్టి ఉంచుతుంది కాబట్టి తుప్పుని బాగా ఆపుతుంది. ఫాస్ఫేట్ మీద నల్ల ఎనామిల్ వేసినవి మూడో రకం. ఎనామిల్ పెచ్చులూడినా కింద ఫాస్ఫేట్ కాపలా ఉంటుంది. చూపుకి మాత్రం అది మరీ పాతదానిలా కనిపిస్తుంది. పెచ్చులు చూసి వద్దనుకోవడం, నిగనిగలు చూసి కొనడం రెండూ ఈ బజారులో మామూలే. నిగనిగలు ఈమధ్య వేసిన కొత్త రంగువి కావచ్చు. దాని కింద ఏముందో రంగు వేసినవాడికే తెలియాలి.

పైన ఎర్రటి పొర కనిపిస్తే భయపడాల్సిన పని లేదు. లోపల గోడల మీద గుంతలు పడ్డ తుప్పు అసలు ప్రమాదం. ఫాలోవర్ ఆ గరుకు మీద పైకి జారుతూ ప్రతిసారీ కొంత వేగం కోల్పోతుంది. నిల్వలో వాడే కాస్మోలిన్ అనే మైనం లాంటి గ్రీజుదీ ఇలాంటి కథే. అది దశాబ్దాలపాటు ఉక్కుని కాపాడుతుంది. కడగకుండా వదిలేస్తే గట్టిపడి ఫాలోవర్‌ని పట్టేస్తుంది. ‘స్ప్రింగు చచ్చిపోయింది’ అని వెనక్కి పంపిన మ్యాగజైన్లలో కొన్నిటికి కావాల్సింది స్ప్రింగు కాదు, వేడి, శుభ్రపరిచే ద్రావకం.

స్ప్రింగు మీద ఉన్న అపోహ

నిండుగా నింపి ఉంచితే స్ప్రింగు అలసిపోతుందని చాలామంది నమ్మకం. సరైన ఉక్కుతో, సరైన హద్దులో గీసిన స్ప్రింగు నొక్కి పెట్టి ఉంచినంత మాత్రాన పెద్దగా బలం కోల్పోదు. దాన్ని అరగదీసేది నొక్కడం, వదలడం పదేపదే జరగడం. ఏళ్లపాటు శిక్షణలో వాడిన మ్యాగజైన్ స్ప్రింగు కంటే ముప్ఫై ఏళ్లు నింపి ఉంచినదే నయమై ఉండొచ్చు. ఐతే స్ప్రింగు హద్దు దాటేలా డిజైన్ చేస్తే ఈ సూత్రం పనిచేయదు. యుద్ధకాలపు జర్మన్ రైఫిల్ ఎస్‌టీజీ-44కి 30 తూటాల మ్యాగజైన్ ఉన్నా, స్ప్రింగు ఇబ్బందుల వల్ల 25 దాకానే నింపేవారు. 1945లో లోపల అడ్డు పెట్టి 25కే పరిమితం చేసిన మ్యాగజైన్ కూడా వచ్చింది. స్ప్రింగు ఒక్కటే పాడైతే అదేమంత పెద్ద నష్టం కాదు, మార్చుకోవచ్చు. పెదాలని అలా మార్చుకోలేం.

ఊగడం లోపమా?

మ్యాగజైన్ పెట్టాక అటూఇటూ కదులుతుంటే నాసిరకం అనేస్తారు. కొంచెం కదలిక ఈ రైఫిళ్లలో సహజమే. వేల మ్యాగజైన్లు వేల రైఫిళ్లకి ఏది తీసినా పట్టాలంటే కొంత ఖాళీ ఉంచాల్సిందే. పాత బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్‌లో దీనికి ఎదురు పద్ధతి ఉండేది, ఏ రైఫిల్ మ్యాగజైన్ దానికే సరిచూసి కేటాయించేవారు. అమెరికాలో 1994 నిషేధ కాలంలో సన్నని ఒంటి వరస మ్యాగజైన్‌కి తగ్గ గుంతతో కొన్ని కలాష్నికోవ్ తరహా రైఫిళ్లు దిగుమతయ్యాయి. ఆ గుంతని తర్వాత వెడల్పు చేశారు. ఆ పని సరిగా కుదరని చోట ఎంత మంచి మ్యాగజైన్ పెట్టినా ఊగుతుంది. తేల్చుకునే దారి సులువు. ఒకే మ్యాగజైన్‌ని రెండు రైఫిళ్లలో, ఒకే రైఫిల్‌లో నాలుగు మ్యాగజైన్లని పెట్టి చూస్తే తప్పు ఎటువైపుందో తెలిసిపోతుంది.

చూడాల్సిన కదలిక ఊగడం కాదు, పైకీ కిందికీ జారడం. వెనక కొక్కెం అరిగితే మ్యాగజైన్ కొద్దిగా కిందికి దిగుతుంది, అప్పుడు పెదాలు సరిగా ఉన్నా తూటా బోల్టుకి అందదు. ఖాళీ మ్యాగజైన్‌లో ఫాలోవర్‌ని వేలితో అడుగుదాకా నొక్కి మెల్లగా వదిలితే ఎక్కడా పట్టకుండా పైకి రావాలి. ఎక్కడైనా ఆగితే ఆ ఎత్తులోనే బయట సొట్టో, లోపల తుప్పో కనిపిస్తుంది. వీపు వెంట వెల్డింగ్ చుక్కలు విడిపోయాయేమో వెలుతురులో చూడాలి. రెండు పెదాలూ ఒకే ఎత్తులో, ఒకేలా వంగి ఉన్నాయో లేదో బాగున్న ఇంకో మ్యాగజైన్ పక్కన పెట్టి పోలిస్తే తెలుస్తుంది. ఇవన్నీ దాటాక మాత్రమే దాని మీది ముద్ర ఏ దేశానిదో చదవడంలో అర్థముంది.